టీసీ తెమ్మన్నారు

రాయపూర్ దగ్గర సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారం గేటు పక్కన చిన్న అద్దాల గది ఉండేది. పద్దెనిమిదేళ్లపాటు సరోజిని ఆ గదిలో కూర్చుంది. గది ముందు నేలలో పరిచిన పెద్ద ఇనుప పలక. బొగ్గు లారీ గాని, ముడి ఇనుము లారీ గాని దాని మీదికెక్కి నిలబడితే లోపల తెర మీద బరువు పడుతుంది. ఇక్కడివాళ్లు దాన్ని ధర్మ్‌కాంటా అంటారు. లోపలికి వచ్చేటప్పుడొకసారి, బయటికి పోయేటప్పుడొకసారి లారీని తూచి చీటీ చేతికివ్వడం ఆమె పని.

ఒకసారి అటు వెళ్లినప్పుడు ఆ గదిలో గంటసేపు కూర్చున్నాను. లారీ మలుపు తిరుగుతుండగానే ఆమె పెదవులు కదిలేవి. ఏదో అంకె. ఆ తరవాత తెర మీద ఇంచుమించు అదే అంకె పడేది. ఒక లారీ వచ్చి నిలబడింది. ఆమె తెర వైపు చూడనే లేదు. కిటికీలోంచి తల బయట పెట్టి, "భయ్యా, పిఛ్లా చక్కా ఘర్ మే ఛోడ్ ఆయే క్యా?" అంది. వెనక చక్రం ఇంట్లో వదిలేసి వచ్చావా అని. చూస్తే వెనక చక్రాలు పలక దాటి అరడుగు నేల మీద ఉన్నాయి. డ్రైవరు పళ్లికిలించి బండి ముందుకు జరుపుకున్నాడు.

"తిట్టొచ్చు కదమ్మా," అన్నాను.

"తిడితే రేపు మళ్లీ చేస్తాడు బాబాయ్ గారూ. నవ్విస్తే సిగ్గుపడతాడు," అంది సరోజిని.

ఆ గదిలో కంప్యూటరు పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం బోర్లా పెట్టి ఉండేది. రాజనీతి శాస్త్రం, హిందీలో. రెండు లారీల మధ్య రెండు పేజీలు. ఆమె చదువంతా అలాగే సాగింది.

మా రెండిళ్లూ రాయపూర్‌లో వ్యాగన్ రిపేర్ షాపు కాలనీ వెనక వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. ఆమె తండ్రి దానయ్య గారు రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి పోయారు. పలాస ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం. తల్లి చిన్నమ్మ గారికి ఎనభై దగ్గర పడ్డా నాలుక పదును తగ్గలేదు. నేను వ్యాగన్ షాపులో టైమ్ ఆఫీసు గుమాస్తాగా రిటైరయ్యాను. పుస్తకాలు తప్ప వేరే వ్యాపకం లేనివాణ్ణి కాబట్టి వీధిలో ఎవరికి కాగితం వచ్చినా నా దగ్గరికి తెచ్చేవారు. చదివి పెట్టేవాణ్ణి, హిందీలో అర్జీలు రాసి పెట్టేవాణ్ణి. ఇందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

సరోజిని 2003లో బి.ఎ. మొదటి ఏడు కాలేజీకి వెళ్లకుండా ప్రైవేటుగా కట్టింది. నాలుగు పేపర్లు గెలిచింది. ఆ మరుసటి ఏడాది తండ్రి పోయాడు, కాంటా ఉద్యోగంలో చేరింది, చదువు ఆగింది. 2011లో ఒక ఓపెన్ యూనివర్సిటీ వాళ్లు పాత పేపర్లను కలుపుకుంటామంటే అందులో చేరింది. అక్కడ పాఠాలుండవు. పుస్తకాలు పోస్టులో వస్తాయి, పరీక్ష రాయాలి, గెలిస్తే ఆ పేపరుకు ఇన్ని క్రెడిట్లని ఖాతాలో పడతాయి. ఏటా ఒకటో రెండో రాస్తూ, ఏటా కాకపోతే రెండేళ్లకు రాస్తూ, ఇంకో ఎనిమిది పేపర్లు గెలిచింది. పాతవి నాలుగు, కొత్తవి ఎనిమిది. రెండేళ్ల చదువు పూర్తయినట్టే. మూడో ఏడుకి ఆరు పేపర్లు మిగిలాయి.

"దీనికి సంబంధం వచ్చినప్పుడల్లా పరీక్షలుండీవి. పరీక్షలు లేనప్పుడు సంబంధాలుండీవి కావు," అనేది చిన్నమ్మ గారు, కూతురు వినేలాగే.

"పరీక్షలో తప్పితే మళ్లీ కట్టొచ్చమ్మా," అనేది సరోజిని అన్నం వడ్డిస్తూ. "అందులో తప్పితే ఎక్కడ కడతారు?"

2022 జూన్‌లో కర్మాగారం వాళ్లు గేటు దగ్గర నోటీసు అంటించారు. కొత్త కాంటా వస్తుంది. దానికి మనిషి అక్కర్లేదు. లారీ అద్దానికి చీటీ అంటిస్తే అదే చదువుకుంటుంది, అదే తూస్తుంది, అదే గేటు తీస్తుంది. కాంటా మీద పనిచేసే ముగ్గురిలో డిగ్రీ ఉన్నవాళ్లను లోపల డిస్పాచ్ ఆఫీసులోకి తీసుకుంటారు. లేనివాళ్ల సంగతి నోటీసులో రాయలేదు.

మిగతా ఇద్దరికీ డిగ్రీలున్నాయి. వాళ్లు నిన్న మొన్న చేరినవాళ్లు, ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాళ్లు.

డిస్పాచ్ మేనేజరు యుగంధర్ మనవాడే, అనకాపల్లి వైపు. సరోజిని మీద అతనికి గౌరవం ఉంది. "సరోజినీ గారూ, డిగ్రీ చేతికి రాకపోయినా పరవాలేదండి. ఫైనల్ ఇయర్లో ఉన్నట్టు కాలేజీ స్లిప్పు అక్టోబరు ముప్పై ఒకటిలోగా పెట్టండి. పైవాళ్లతో నేను మాట్లాడతాను," అన్నాడు.

ఓపెన్‌లోనే ఉండి రాద్దామంటే ఒక్కో విడతకు ఇన్ని పేపర్లేనని లెక్క ఉంది. పైగా రాయపూర్‌లో పరీక్షా కేంద్రం ఎత్తేశారు. అంతకంటే ముఖ్యం, ఫైనల్ ఇయర్ అన్న మాటే అక్కడ లేదు. క్రెడిట్లు మాత్రమే ఉంటాయి. స్లిప్పు మీద ఆ మాట రాయించాలంటే మామూలు కాలేజీ కావాలి.

శంకర్ నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ కరపత్రం దొరికింది. వేరే చోట పరీక్ష రాసి సంపాదించిన క్రెడిట్లను కలుపుకుని నేరుగా మూడో ఏడులో కూర్చోబెడతామని అందులో ఉంది. నేనే చదివి వినిపించాను. ఆమె మళ్లీ ఒకసారి తనే చదువుకుంది. ఆగస్టు మొదటి వారంలో సెలవు పెట్టి వెళ్లి ఫారం ఇచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం మా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అంది: "బాబాయ్ గారూ, టీసీ తెమ్మన్నారు."

"ఎవరు?"

"కాలేజీ కౌంటరు ఖిడ్కీలో వర్మాజీ. నా మార్కుల కాగితం చూసీసి, దీంట్లో నాలుగు పేపర్లకి మార్కులేవీ అన్నాడు. మార్కులుండే చోట టీసీ అని ఉంది కదా. యహా టీసీ లిఖా హై, టీసీ కహా హై అంటాడు, ఇక్కడ రాసున్న టీసీ ఎక్కడా అని. టీసీ తెస్తే ఫైలు ముందుకి పంపుతానన్నాడు."

ఆమె మార్కుల కాగితం నా ముందు పెట్టింది. నిజమే. మొదటి నాలుగు పేపర్ల ఎదుట అంకెలకు బదులు ఇంగ్లీషులో రెండక్షరాలు, టి, సి. కింద ఎనిమిదింటికీ మార్కులున్నాయి.

ఇక్కడ మా రైల్వే వాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. మా ఇళ్లల్లో టీసీ అంటే మొదట నల్లకోటు మనిషి. రెండోది, బడి వాళ్లు ఇచ్చే బదిలీ కాగితం. మూడో అర్థం మాకు తెలియదు. వాల్తేరు నుంచి రాయపూర్‌కి, రాయపూర్ నుంచి డోంగర్‌గఢ్‌కి బదిలీ అయినప్పుడల్లా మా పెద్దలు మంచాలకంటే, బిందెలకంటే ముందు సర్దుకున్నది పిల్లల టీసీ. అది లేక ఏడాది పోగొట్టుకున్న పిల్లలు ప్రతి వీధిలో ఉండేవారు. టీసీ లేకపోతే నష్టం, ఉంటే ఎప్పుడూ మంచిదే. అది మాకు ఒంట్లో పట్టిపోయిన భయం. ఎవరైనా టీసీ ఏదని అడిగితే ఎందుకు అని అడగం. తెస్తాం.

"ఇంకేముందమ్మా," అన్నాను. "ఓపెన్ వాళ్ల దగ్గర టీసీ తీసుకోలేదు కదా నువ్వు. ఒక చోట నుంచి ఇంకో చోటకి వెళ్తున్నావు. అదే అడుగుతున్నారు."

చిన్నమ్మ గారు ఎదురింటి అరుగు మీద నుంచి వింటోంది. "ఒలే, మీ నాన్న ముప్పయ్యేళ్లు టీసీయే కదే. ఆ ఫోటో పట్టుకెళ్లి సూపించు ఆ వర్మాజీకి," అంది.

ముగ్గురం నవ్వాం. నేను కళ్లద్దాలు పెట్టుకుని హిందీలో అర్జీ రాశాను. నా దస్తూరీ బాగుంటుందని పేరు. "మహాశయా, నేను మీ విశ్వవిద్యాలయ విద్యార్థినిని. మరొక కళాశాలలో చేరుతున్నందున నాకు టీసీ ఇప్పించ ప్రార్థన." ఇంతే. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అక్షరదోషాలు లేవని చూసి ఆమె చేతికిచ్చాను. మార్కుల కాగితాన్ని మాత్రం వెనక్కి తిప్పి చూడలేదు.

మర్నాడు పదకొండింటికి ఆమె ఫోన్ చేసింది. ఓపెన్ యూనివర్సిటీ ప్రాంతీయ కార్యాలయం కౌంటరు ముందు నిలబడి ఉంది. నేను వరండాలో చదువుకుంటున్నాను. పేజీ పోకుండా పుస్తకంలో వేలు పెట్టి ఫోన్ ఎత్తాను.

"బాబాయ్ గారూ, ఈళ్ల దగ్గర టీసీ అన్నది లేదంట. మైగ్రేషన్ అని ఇస్తారంట. అది తీసుకుంటే ఇక్కడ నా పేరు బంద్ అవుతాదంట. పక్కా కావాలా అని అడుగుతన్నాడు. ఏటి చెయ్యమంటారు?"

"రెండూ ఒకటేనమ్మా. పేరు వేరు. తీసుకో," అన్నాను.

"పేరు బంద్ అంటన్నాడు మరి."

"వెళ్లిపోతున్నావు కదా. బంద్ అవకుండా ఎలా ఉంటుంది?"

"అలాగే," అంది.

ఫోన్ పెట్టేసి వేలు పెట్టిన పేజీకి తిరిగి వచ్చాను. ఏ వాక్యం దగ్గర ఆగానో కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది.

ఆ మైగ్రేషన్ కాగితం వర్మాజీ తీసుకున్నాడు. ఫైలును ఒక కమిటీకి పంపాడు. ఒక చోటి పేపరు ఇంకో చోటి పేపరుకు సమానమా కాదా అని చూసే కమిటీ. వారం అన్నారు, రెండు వారాలన్నారు. వినాయక చవితి వెళ్లింది. సరోజిని రోజూ సిల్తారా బస్సు దిగి, ఇంటికి వెళ్లే ముందు మా గేటు దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపి వెళ్లేది. మాట్లాడనక్కర్లేదు. ఏం రాలేదని అర్థం.

నలభై రోజులకు పిలిచారు. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. కౌంటరు ముందు కుర్రపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల మధ్య నలభై మూడేళ్ల సరోజిని, డెబ్భై నాలుగేళ్ల నేను. వర్మాజీ మంచివాడే. కూర్చోమన్నాడు. ఫైలు విప్పి, ఒక కాగితం మీద వేలు పెట్టి నెమ్మదిగా చెప్పాడు. ఆయన హిందీలో చెప్పినదాని సారాంశం ఇది.

ఆమె మార్కుల పత్రంలో టీసీ అంటే ట్రాన్స్‌ఫర్డ్ క్రెడిట్, వేరే చోట నుంచి తెచ్చి కలుపుకున్న క్రెడిట్ అని. ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ కాదు. ఆ సంగతి కాగితం వెనక రాసే ఉంది. తనకూ అప్పుడు తట్టలేదు. ఒకసారి బదిలీ అయి వచ్చిన క్రెడిట్లను రెండోసారి బదిలీ చేయించుకోవడానికి వీల్లేదు. ఆ నాలుగూ మొదటి యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలి. సరే, అవి పోనీ. ఆ నాలుగు పేపర్లు మళ్లీ రాస్తే సరిపోయేది, మూడో ఏడులో ఉంటూనే రాయనిచ్చేవారు. కానీ మిగతా ఎనిమిదింటి పరీక్షాఫలితాలు ఓపెన్ వాళ్లే ఈ కాలేజీకి పంపాలి. విద్యార్థి చేతికిచ్చిన కాగితం చెల్లదు. విద్యార్థి వాళ్ల జాబితాలో ఉండగానే పంపాలి. జాబితాలోంచి తీసేశాక వాళ్ల కంప్యూటరులో ఆ తలుపు తెరుచుకోదు.

"ఆప్‌నే మైగ్రేషన్ క్యూ లే లియా, మేడమ్?" అన్నాడు చివర.

మైగ్రేషన్ ఎందుకు తీసుకున్నారు అని. ఆమె నా వైపు చూడలేదు. "ఆప్ హీ తో బోలే థే, టీసీ లావ్," అంది మెల్లగా, మీరే కదా తెమ్మన్నారు అని.

"మైనే పూఛా థా," అన్నాడాయన. తెమ్మనలేదు, ఎక్కడుందని అడిగాను. ఆయన ముఖం కూడా ఎర్రబడింది. అబద్ధమేమీ చెప్పడం లేదు. టీసీ కహా హై, ఇదే ఆయన మొదట అడిగింది. తరవాత తెస్తే పంపుతాననీ అన్నాడు. ఏది ఎంత గట్టిగా అన్నాడో ఆయనకే గుర్తున్నట్టు లేదు.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆమె మార్కుల కాగితాన్ని వెనక్కి తిప్పింది. చిన్న అక్షరాల్లో ఆరేడు పంక్తులు. మూడో పంక్తి ఆమె వేలితో చూపించింది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివాను. నేను చదవలేనంత చిన్న అక్షరాలేమీ కావు. ఇంతకంటే చిన్న అక్షరాలున్న పుస్తకాలు పూర్తి చేసినవాణ్ణి.

"నేను చూడలేదమ్మా," అన్నాను.

"పదేళ్ల నించి ఏటేటా ఇలాంటి కాగితమే వస్తంది బాబాయ్ గారూ. నేనూ చూళ్లేదు."

ఆ మాట నాకు ఊరట కావాలని అన్నది. అది తెలిసి ఇంకా కుంగిపోయాను.

అక్టోబరులో మూడుసార్లు ఓపెన్ వాళ్ల ఆఫీసుకి వెళ్లాం. మొదటిసారి సెలవు. రెండోసారి సంబంధించిన మనిషి నయా రాయపూర్‌లో ఏదో మీటింగుకు వెళ్లాడు. మూడోసారి దొరికాడు. ముప్పయ్యేళ్లు ఉంటాయేమో, సాహూ అని బల్ల మీద పలక ఉంది. ఓపికగా విన్నాడు. కంప్యూటరులో సరోజిని నంబరు కొట్టి తెర మా వైపు తిప్పాడు. పేరు, పన్నెండు పేపర్లు, అన్నీ ఉన్నాయి. పైన ఎర్రటి పట్టీలో ఒక్క మాట, బంద్.

"ఉన్నాయి కదయ్యా," అన్నాను హిందీలో. "అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. వాటినే కదా పంపమంటున్నాం."

"కనిపిస్తాయి అంకుల్. పంపడానికి బటన్ రాదు." మౌస్ తిప్పి చూపించాడు. పై వరుసలో బటన్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి. నొక్కితే కదలడం లేదు. మాకు నమ్మకం కలగడానికి రెండుమూడుసార్లు నొక్కి చూపించాడు.

"మళ్లీ తెరవడం?"

"కొత్తగా చేరాలి. కొత్త నంబరొస్తుంది. మొదటి ఏడు. పాత నంబరు క్రెడిట్లు దాంట్లోకి మార్చమని ఢిల్లీకి రాయొచ్చు. రాస్తాను. ఆరు నెలలు పడుతుంది, ఏడాది పడుతుంది. చేస్తారో లేదో చెప్పలేను."

"ఈ నెలాఖరుకి కావాలి," అంది సరోజిని. గట్టిగా అనలేదు. సమాచారంగా చెప్పింది.

అతను సొరుగులోంచి ఒక ఫైలు తీసి అర్జీ చూపించాడు. ఎవరూ బలవంతం చేయలేదని, ఆవిడే రాసిచ్చిందని. నా దస్తూరీ. గుండ్రటి అక్షరాలు, సమానమైన పంక్తులు, కింద ఆమె సంతకం. ఒక్క అక్షరదోషం లేదు.

"ఇది రాసింది నేను," అన్నాను. "తప్పు నాది. ఆమెకు తెలియదు. నేను ఆ మాట రాసిస్తాను, సంతకం పెడతాను, కావాలంటే స్టాంపు కాగితం మీద."

సాహూ నా వైపు జాలిగా చూశాడు. "గల్తీ కిస్కీ హై, ఇస్కా కాలమ్ హీ నహీ హై, అంకుల్," అన్నాడు. తప్పు ఎవరిది అన్న గడి ఫారంలో ఎక్కడా లేదు. ఉంటే నింపేవాడు.

టీ తెప్పించాడు. తాగాం.

ఆటోలో వస్తున్నాం. శంకర్ నగర్ దాటాక సరోజిని అంది, "నాన్న ఉండగా నన్ను ఒకసారి పట్టుకున్నాడు తెలుసా బాబాయ్ గారూ? టికెట్ లేకుండా ఎక్కీసానని. దుర్గ్ వెళ్లే లోకల్లో. నా పాస్ ఇంట్లో మర్చిపోయాను. నాన్న రోజూ చూసిన పాసే అది. నా కూతురే అని తోటోళ్లకి చెప్పి, అయినా జుర్మానా రాశాడు. ఇంటికెళ్లాక పాసు తీసి చూపించాను. ఇది ఇప్పుడు చూపిస్తే ఏటి లాభం అన్నాడు." కొంచెం నవ్వింది. "ఆయనే నయం. కనీసం ఇంటికొచ్చి ఆ మాట అన్నాడు."



ముప్పయ్యో తేదీన యుగంధర్‌ను కలవడానికి నేనే సిల్తారా వెళ్లాను. ఆమెకు చెప్పలేదు. డిస్పాచ్ ఆఫీసు బయట నిలబడి జరిగిందంతా చెప్పాను. పన్నెండు పేపర్లూ గెలిచిందని, అన్నీ కంప్యూటరులో నా కళ్లతో చూశానని చెప్పాను. అతను ముభావంగా విన్నాడు.

"ఆవిడ పని తెలియకేంటండి నాకు? ఈ ఆఫీసులో డిగ్రీ ఉన్నోళ్లు బండి నెంబరు తప్పు రాస్తే ఆవిడే ఫోన్ చేసి దిద్దుతారు. కానీ పైన హైదరాబాద్‌లో కూర్చున్నాయన స్లిప్పు అడుగుతాడండి. మీరు చెప్పింది నేనెక్కడ అతికించను?"

"ఫస్ట్ ఇయర్ స్లిప్పయితే ఇప్పుడే దొరుకుతుంది."

"పెట్టొచ్చు. పెడితే ఈవిడికి ఇంకా మూడేళ్లని రాస్తారు. పెట్టకపోతే చదువులేదని రాస్తారు. మీరే చెప్పండి ఏది పెట్టమంటారో."

వెనక్కి వస్తుంటే అద్దాల గదిలోంచి సరోజిని నన్ను చూసింది. ఎందుకొచ్చానో అడగలేదు. లోపలికి పిలిచి కుర్చీ వేసింది. పలక మీద బొగ్గు లారీ నిలబడి ఉంది. చీటీ చించి ఇచ్చాక అంది, "ఏటన్నాడు?"

చెప్పాను.

"మీరు ఇంత ఎండలో రావడమెందుకు?" అంది. పక్క గదిలోంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఫిబ్రవరిలో కొత్త కాంటా వచ్చింది. పెట్టిన మొదటి వారం దాని అంకె సరిగ్గా ఉందో లేదో చూడటానికి సరోజినినే కూర్చోబెట్టారు. లారీ తూగగానే ఆ యంత్రం చూపిన బరువూ, పాత పలక మీద ఆమె చూసిన బరువూ పక్కపక్కన రాయాలి. ఆరు రోజులు రాసింది. తేడా ఎక్కడ వస్తోందో, ఏ చక్రం కింద వస్తోందో కూడా చెప్పిందట. ఇంజనీరు దిద్దుకున్నాడు. ఏడో రోజు కాగితం చేతికిచ్చారు. పనితీరు చాలా బాగుందని అందులో ఉంది. అది నేను చదవలేదు, చిన్నమ్మ గారు చెప్పారు.

"బాగుంటే ఎందుకు తీసీసారు అని అడిగాను నాయనా. దానికి జవాబు లేదంట," అంది ఆవిడ.

ఇప్పుడు సరోజిని బిలాస్‌పూర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు కాంటాలో కూర్చుంటోంది. ఎవరి లారీ అయినా వచ్చి తూచుకుని పోయే చోటు. రోజుకు పన్నెండు గంటలు. అద్దాల గది కాదు, రేకుల షెడ్డు. ఢిల్లీకి రాసిన ఉత్తరానికి ఒక నంబరు మాత్రం వచ్చింది. ఆ నంబరు వెబ్‌సైటులో కొడితే పరిశీలనలో ఉంది అని వస్తుంది. మొదట్లో వారానికొకసారి కొట్టేది. పుస్తకం పట్టుకెళ్తోందా అని నేను అడగలేదు.

మా ఇంటికి రావడం మానలేదు. పండక్కి అరిసెలు పంపుతుంది, నా కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో రెండు రోజులు తనే కూర్చుంది. నా మీద కోపం ఉందేమోనని చాలాసార్లు వెతికాను. కనబడలేదు. ఉంటే ఏం చెప్పుకోవాలో నా దగ్గర సిద్ధంగా ఉంది. అడిగినవారు లేరు.

మొన్న నవంబరులో ఒక ఉదయం ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని వీధిలోంచి వెళ్తోంది. వరండాలోంచి పిలిచాను.

"ఏం కాగితాలమ్మా?"

"అమ్మవి బాబాయ్ గారూ. పింఛను వాళ్లకి బతికున్నట్టు కాగితం పెట్టాలి కదా."

ఇరవై ఏళ్లుగా ఆ ఫారం నింపుతున్నది నేను. "ఇలా తే, ఐదు నిమిషాల పని," అన్నాను.

ఆమె గేటు దగ్గర ఆగింది. సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "కంప్యూటర్ దుకాణంలో అయిపోద్ది లెండి. ముందు కాగితాలిచ్చీసి, తరవాత అమ్మొచ్చి వేలిముద్ర పెడితే చాలంట. మీ కళ్లకి మళ్లీ శ్రమ ఎందుకు?"

"శ్రమేముంది?"

"వద్దు బాబాయ్ గారూ," అంది. చాలా నెమ్మదిగా అంది. "ఎండెక్కుతాంది, లోపల కూర్చోండి. సాయంత్రం అమ్మ చేత పులుసు పంపిస్తాను."

వీధి చివర దుకాణం ముందు అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆమె వెళ్లి వాళ్ల వెనక నిలబడింది. సంచిలోంచి ఒక కాగితం తీసింది. ముందు వైపు చదివింది. తరవాత వెనక్కి తిప్పి, తన వంతు వచ్చేదాకా ఆ వైపే చదువుతూ నిలబడింది.